సిరిమాను సంబరానికి ఈనిన మేక శివరాత్రికి ఇచ్చే పాలు ఎందుకు వేరు?

క్లుప్తంగా: మేకపాలలో వెన్న, మాంసకృత్తులు ఈనిన కొత్తలో ఎక్కువగా ఉంటాయి. పాలు జోరందుకున్నప్పుడు తగ్గుతాయి, వట్టిపోయే ముందు మళ్లీ పెరుగుతాయి. పాలచక్కెర మాత్రం చివర్లో తగ్గిపోయి, ఆ చోట ఉప్పు చేరుతుంది. అందుకే ఒకే మేక పాలు నాలుగు నెలల్లో మూడు రకాలుగా కనిపిస్తాయి. పల్చగా ఉన్నంత మాత్రాన నీళ్లు కలిసినట్టు కాదు, చిక్కగా ఉన్నంత మాత్రాన మేలైనవీ కావు.

విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా మేకపాలు అడగ్గానే దుకాణంలో దొరికే సరుకు కాదు. ఊరి చివర మంద ఉన్నవాళ్ల ఇంటికి గిన్నె పట్టుకుని వెళ్లాలి. జ్వరం నుంచి లేచిన మనిషికో, గేదెపాలు అరగని పెద్దవాళ్లకో పావులీటరు తెచ్చుకుంటారు. కార్తీకంలో ఒకసారి, రథసప్తమి దాటాక ఇంకోసారి తెచ్చుకుంటే ఆ రెండూ ఒకే మేకవంటే నమ్మబుద్ధి కాదు. మొదటిసారివి పల్చగా, కాస్త తియ్యగా ఉంటాయి. రెండోసారివి చిక్కగా, నాలుకకు కొద్దిగా ఉప్పగా తగులుతాయి. వెంటనే అనుమానం నీళ్ల మీదికి పోతుంది. అమ్మేవాళ్లు ఒట్టు వేసినా అది తీరదు.

గేదెపాలతో ఈ పేచీ తక్కువ. పాలకేంద్రం క్యానులో పదుల గేదెల పాలు కలుస్తాయి. నెల కిందట ఈనిన గేదె పాలూ, రేపో మాపో వట్టిపోయే గేదె పాలూ అందులోనే ఉంటాయి కాబట్టి ఒకదాని లోటును ఇంకొకటి పూడుస్తుంది. గిన్నెలోకి వచ్చే మేకపాలు ఒకటి రెండు జీవాలవే. పూడ్చేది ఏదీ లేక జీవంలో జరిగే ప్రతి మార్పూ నేరుగా నాలుకకే తెలుస్తుంది.

మాంసం మేక, పాల మేక

ఉత్తరాంధ్రలో మేకను పెంచేది ప్రధానంగా మాంసం కోసమే. ఉద్దానం జీడితోటల్లో మేసేవైనా, చీపురుపల్లి, గజపతినగరం వైపు మెట్ట పొలాల గట్ల మీద తిరిగేవైనా, 2022 జిల్లాల విభజనలో పార్వతీపురం మన్యంలోకి వెళ్లిన సీతంపేట కొండల మీద సవర, జాతాపు రైతుల దగ్గరున్నవైనా చాలావరకు నాటు మేకలే. సరిహద్దు అవతల ఒడిశాలోని గంజాం మేకకు జాతిగా గుర్తింపు ఉంది కానీ, దాన్నీ ముఖ్యంగా మాంసానికే పెంచుతారు. ఇలాంటి మేక దగ్గర మనిషి వంతు, పిల్ల తాగగా మిగిలినదే. రోజుకు అరలీటరు పిండగలిగితే బాగా ఇస్తున్నట్టు లెక్క. మూడు నాలుగు నెలలకు వట్టిపోతుంది.

పుస్తకాల్లో కనిపించే మేకపాల పట్టికలు ఎక్కువగా వేరే రకం జీవాలవి. స్విట్జర్లాండ్‌లో పుట్టిన సానెన్ జాతి మేక పది నెలల దాకా పాలిస్తుంది. మన దేశపు జమునాపారి, బీటల్ జాతులు ఆరు నెలలకు అటూ ఇటూగా ఇస్తాయి. మార్పుల వరస అన్నిటిలోనూ ఒకటే. కానీ పది నెలల్లో నింపాదిగా జరిగేది నాటు మేకలో నాలుగు నెలల్లో ముగిసిపోతుంది. అందువల్ల సానెన్ పట్టికలోని నెలలను ఇక్కడి మేకకు అతికిస్తే లెక్క తప్పుతుంది. ఇక్కడ నెలలు కాదు, వారాలు చూడాలి.

ఉదాహరణకు పైడితల్లమ్మ సిరిమాను సంబరం రోజుల్లో, అంటే దసరా వెళ్లిన వారంలో ఈనిన మేకను తీసుకుందాం. కార్తీక మాసం ముగిసేసరికి అది మంచి పాల మీద ఉంటుంది. ధనుర్మాసంలో పాలు మెల్లగా తగ్గడం మొదలవుతుంది. అరసవల్లిలో రథసప్తమి జరిగేనాటికి చెంబు సగమే నిండుతుంది. శివరాత్రికి వట్టిపోయే దశలో ఉంటుంది.

జున్నుపాల మూడు రోజులు

150 రోజులు చూడితో ఉన్నాక మేక ఈనుతుంది. మొదటి రెండు మూడు రోజుల పాలు లేత పసుపు రంగులో, జిగటగా ఉంటాయి. మామూలు మేకపాలలో నీరు పోగా మిగిలే ఘనపదార్థం 12 నుంచి 13 శాతం. మొదటి రోజు పాలలో ఇది 20 శాతం దాటుతుంది. ఆ పెరుగుదలలో పెద్ద వాటా రోగాన్ని అడ్డుకునే ప్రతిరక్షక మాంసకృత్తులది.

దీనికి కారణం మాయలో, అంటే కడుపులో పిల్లను తల్లికి కలిపే అవయవంలో ఉంది. మనిషి బిడ్డకు తల్లి ప్రతిరక్షకాలు కడుపులోనే మాయ ద్వారా అందుతాయి. మేక, గొర్రె, ఆవు, గేదెల్లో మాయ వాటిని దాటనివ్వదు. పిల్ల ఏ రక్షణా లేకుండా పుడుతుంది. దాని పేగు మొదటి 24 గంటల్లోనే ఈ పెద్ద మాంసకృత్తులను విరగ్గొట్టకుండా రక్తంలోకి తీసుకోగలదు, ఆ శక్తి కూడా గంటగంటకూ తగ్గిపోతుంది. పిల్ల బరువులో పదోవంతు ముర్రుపాలు మొదటి రోజే లోపలికి వెళ్లాలని పశువైద్యులు చెప్పేది అందుకే. రెండు కిలోల పిల్లకు 200 గ్రాములన్నమాట. నాటు మేక మొదటి రోజు ఇచ్చేదే కొద్ది కనుక, ఆ పాలను జున్నుకు తీస్తే కోత పడేది పిల్ల రక్షణకే.

వేడి తగలగానే ఈ పాలు గడ్డకట్టి జున్నవడానికీ కారణం ఆ మాంసకృత్తులే. మామూలు పాల మాంసకృత్తుల్లో ఎక్కువ భాగమైన కేసీన్ మరిగినా విరగదు. ప్రతిరక్షకాలు మాత్రం గుడ్డు తెల్లసొనలా వేడికి బిగుసుకుంటాయి. నాలుగైదు రోజులకు వాటి మోతాదు పడిపోయి, పాలు మామూలుగా కాగుతాయి.

పాలు ఎక్కువైతే వెన్న ఎందుకు తగ్గుతుంది

ఈనాక నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య మేక అత్యధికంగా పాలిస్తుంది. వెన్న, మాంసకృత్తుల శాతం అప్పటికే దిగుతూ ఉంటుంది. పాలు గరిష్ఠానికి చేరిన తర్వాత కొద్ది వారాలకు అది అట్టడుగుకు వస్తుంది. మొత్తం కాలానికి సగటు చూస్తే మేకపాలలో వెన్న 4 శాతానికి కాస్త అటూ ఇటూ, మాంసకృత్తులు 3.5, పాలచక్కెర 4.1 నుంచి 4.5, ఖనిజాలు 0.8 శాతం ఉంటాయి. సగటు అనే మాటతోనే చిక్కు. ఆ సగటుకు సరిగ్గా సరిపోయే పాలు మేక ఇచ్చేది కొద్ది రోజులే.

శాతానికీ మొత్తానికీ తేడా తెలియడానికి ఒక ఊహా లెక్క చూడవచ్చు. కార్తీకం చివర రోజుకు 600 గ్రాముల పాలు, 3.2 శాతం వెన్న అనుకుంటే, పొదుగు ఆ రోజు తయారు చేసిన వెన్న 19 గ్రాములు. శివరాత్రి నాటికి 250 గ్రాముల పాలు, 5 శాతం వెన్న అనుకుంటే అది 12.5 గ్రాములు. చిక్కదనం పెరిగింది, వెన్న తగ్గింది. పొదుగులో వెన్న తయారీ మందగించింది, నీరు చేరడం అంతకన్నా ఎక్కువగా మందగించింది. చిక్కటి పాలు చూసి మేకకు బలం వచ్చిందనుకోవడం మందల దగ్గర తరచూ వినిపించే పొరపాటు.

వెన్న రకం కూడా మారుతుంది. ఈనిన మొదటి వారాల్లో మేక తినే మేత పాల ఖర్చుకు చాలదు. అది ఒంట్లో దాచుకున్న కొవ్వును కరిగించి పొదుగుకు పంపుతుంది. అలా వచ్చేవి పొడుగు గొలుసుల కొవ్వు ఆమ్లాలు. మేత సరిపోవడం మొదలయ్యాక పొదుగు తనంతట తాను తయారు చేసే పొట్టి, మధ్యరకం గొలుసుల వాటా పెరుగుతుంది. కాప్రోయిక్, కాప్రిలిక్, కాప్రిక్ ఆమ్లాలు ఈ కోవలోవి. లాటిన్‌లో మేకకున్న పేరు నుంచే ఈ మూడింటికీ పేర్లు వచ్చాయి. ఆవుపాల కన్నా మేకపాలలో ఇవి దాదాపు రెట్టింపు ఉంటాయి. పాలు పాతబడినా, మొరటుగా కలియబెట్టినా ఇవి వెన్న నుంచి విడిపడి మేకవాసనగా ముక్కుకు తగులుతాయి. పోతును పక్కనే కట్టేసి పితికితే ఆ వాసన వేరే దారిలో వచ్చి చేరుతుంది. అది పాల తప్పు కాదు.

నీటిని లాగేది పాలచక్కెర

పైన చెప్పిన లెక్కలో నీరు ఎందుకు ఎక్కువైంది, ఎందుకు తగ్గింది అనే ప్రశ్నకు జవాబు లాక్టోజ్, అంటే పాలచక్కెర. మిగిలిన మార్పులన్నీ దీని చుట్టూ తిరుగుతాయి.

మేక కడుపులో మేత పులిసి ఏర్పడే ఆమ్లాల్లో ఒకటైన ప్రోపియోనిక్ ఆమ్లాన్ని కాలేయం గ్లూకోజ్‌గా మారుస్తుంది. రక్తం దాన్ని పొదుగుకు చేరుస్తుంది. పాలకణాల లోపల ఆ గ్లూకోజ్ నుంచి లాక్టోజ్ తయారవుతుంది. ఒకసారి తయారయ్యాక అది కణం గోడను దాటి వెనక్కి పోలేదు. చక్కెర పేరుకున్న చోటికి నీరు వస్తుంది. ఆవకాయ బద్దల మీద ఉప్పు చల్లితే ఊట ఊరుతుంది చూడండి, ఇదీ అదే సూత్రం. పొదుగు ఎంత లాక్టోజ్ తయారు చేస్తే దాదాపు అంత నిష్పత్తిలో నీరు వస్తుంది. అందుకే పాల పరిమాణం పెరిగినా తగ్గినా లాక్టోజ్ శాతం వెన్న శాతంలా ఊగిసలాడదు.

పాలలో కరిగి ఉన్న పదార్థాలు నీటిని లాగే ఒత్తిడి ఎప్పుడూ మేక రక్తంలో కరిగి ఉన్నవాటి ఒత్తిడితో సమానంగా ఉండాలి. ఈ నియమం జీవానికి తప్పనిది. మంచి పాల మీద ఉన్నప్పుడు ఆ భారంలో అన్నిటికన్నా పెద్ద వాటా లాక్టోజ్ మోస్తుంది. లాక్టోజ్ తగ్గితే ఆ ఖాళీని ఇంకేదో నింపాలి.

వట్టిపోయే ముందు వచ్చే ఉప్పదనం

నింపేది ఉప్పు. పాలిచ్చే కాలం చివరికి వచ్చేసరికి పాలకణాలు రోజురోజుకూ తగ్గుతాయి. మిగిలిన కణాల మధ్య అతుకులు వదులవుతాయి. మంచి కాలంలో రక్తాన్నీ పాలనూ వేరుగా ఉంచింది ఆ బిగి అతుకులే. అవి వదులైనప్పుడు రక్తం వైపు నుంచి సోడియం, క్లోరైడ్ పాలలోకి వస్తాయి. పాల వైపు నుంచి లాక్టోజ్, పొటాషియం బయటికి జారుతాయి. శివరాత్రి పాలు ఉప్పగా ఉండటానికి కారణం ఇదే. మేక తిన్న మేతలో ఉప్పు ఎక్కువై కాదు.

అదే దారిలో ప్లాస్మిన్ అనే ఎంజైమ్ కూడా పాలలో పెరుగుతుంది. అది కేసీన్‌ను ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల్లో కొన్ని చేదుగా ఉంటాయి. చివరి పాలలో మాంసకృత్తుల శాతం ఎక్కువగా ఉన్నా తోడుకున్న పెరుగు గట్టిగా నిలవకపోవచ్చు. మేకపాల పెరుగు మామూలుగానే గేదె పెరుగంత బిగుతుగా ఉండదు. ఆవుపాలలో గడ్డకు బిగువునిచ్చే ఆల్ఫా ఎస్1 కేసీన్ మేకల్లో తక్కువ, కొన్ని మేకల్లో వంశపారంపర్యంగా దాదాపు ఉండదు కూడా.

ఇక్కడ పొదుగువాపు ప్రశ్న వస్తుంది. వాపు వచ్చినప్పుడూ అతుకులు వదులై పాలు ఉప్పగా మారతాయి కాబట్టి రెండింటినీ పొరబడటం సులువు. పొదుగు ఒకవైపే గట్టిపడటం, వేడిగా ఉండటం, పాలలో పెళ్లలు పడటం వాపు గుర్తులు. చివరి దశలో రెండు వైపులా ఒకేలా మెల్లగా మార్పు వస్తుంది. వాపును పట్టుకోవడానికి పాలలోని కణాలను లెక్కపెట్టే పరీక్ష ఆవుకు బాగా పనికొస్తుంది కానీ మేకను తొందరపడి దోషిగా నిలబెడుతుంది. మేక పొదుగు పాలను వదిలేటప్పుడు కణాల అంచులు కూడా తెగి పాలలో కలుస్తాయి. దానికి తోడు ఏ జబ్బూ లేకున్నా చివరి వారాల్లో కణాల సంఖ్య మిల్లీలీటరుకు పది లక్షలు దాటవచ్చు. అమెరికాలో ఆవుపాలకు మిల్లీలీటరుకు ఏడున్నర లక్షల కణాల పరిమితి ఉంటే మేకపాలకు పదిహేను లక్షలు పెట్టారు. ఐరోపా సమాఖ్య ఆవుకు నాలుగు లక్షలు పెట్టి, మేకకు పరిమితే పెట్టలేదు.

ఒక్క రోజులోనే ఇంకో తేడా

పాలిచ్చే కాలంతో పాటు గడియారం కూడా పనిచేస్తుంది. రాత్రంతా ఆగి పొద్దున్నే పితికితే పాలు ఎక్కువ, వెన్న శాతం తక్కువ. సాయంత్రం పాలు కొద్దిగా, చిక్కగా ఉంటాయి. పితుకుడు మొదట్లో వచ్చే ధార పల్చన, చివరి ధార చిక్కన. పిల్ల ముందు తాగిందా, తర్వాత తాగిందా అనే దాన్ని బట్టి గిన్నెలోకి వచ్చేది మారిపోతుంది.

చేపు విషయంలో మేకకూ గేదెకూ పోలిక లేదు. గేదె పాలు చాలావరకు పొదుగు పైభాగపు సన్నని గొట్టాల్లో ఉంటాయి. దూడ మూతి తగిలి చేపితే తప్ప కిందికి దిగవు. మేక పాలలో ఎక్కువ భాగం చన్నుకు పైనున్న పెద్ద తిత్తిలోనే నిలవ ఉంటుంది. అందుకే మందలోకి వెళ్లి ఏ మేకనైనా పట్టుకుని, పిల్ల లేకుండానే చెంబులోకి పితకడం సాధ్యమవుతుంది.

మేతా కలగలిసిపోతుంది

సిరిమానుకు ఈనిన మేక మంచి పాల మీద ఉన్న రోజుల్లో గట్ల మీద ఇంకా పచ్చిక ఉంటుంది. శివరాత్రి నాటికి పొలాలు ఎండి, మేకకు దొరికేవి రేగు, తుమ్మ, అవిశ కొమ్మలు, రాలిన తుమ్మకాయలు. పీచు ఎక్కువున్న మేత వెన్న శాతాన్ని పెంచుతుంది, నీరు తక్కువైతే పాలు ఇంకా తగ్గుతాయి. అంటే కాలం చేసే పనీ మేత చేసే పనీ ఒకే దిక్కుకు నెడతాయి. ఫాల్గుణంలో ఈని ఎండల్లో పాలిచ్చే మేకలో ఈ రెండూ ఎదురెదురు దిక్కులకు లాగుతాయి కనుక దాని పాల తీరు ఇంత స్పష్టంగా కనపడదు.

నీళ్లు కలిపారా?

చేతిలో లాక్టోమీటర్ ఉంటే తేలిపోతుందనుకుంటారు కానీ, మేకపాల విషయంలో అది సగం సాక్ష్యమే. లాక్టోమీటర్ కొలిచేది సాంద్రత. నీళ్లు కలిస్తే అంకె దిగుతుంది. వెన్న పెరిగినా దిగుతుంది, ఎందుకంటే వెన్న నీటి కన్నా తేలిక. లాక్టోజ్ తగ్గినా దిగుతుంది. మాంసకృత్తులు పెరిగితే ఎక్కుతుంది. చివరి పాలలో వెన్న, లాక్టోజ్, మాంసకృత్తుల మార్పులు మూడూ ఒకేసారి జరుగుతాయి. వెన్న శాతం విడిగా తెలియకుండా ఆ అంకె మీద తీర్పు చెప్పలేం.

ఘనీభవన పరీక్ష ఇంతకన్నా నమ్మకమైనది. పాలు సున్నాకు సుమారు అర డిగ్రీ దిగువన గడ్డకడతాయి. లాక్టోజ్ తగ్గిన చోట ఉప్పు నింపుతుందని పైన చెప్పుకున్నాం. ఆ సర్దుబాటు వల్లే పాలిచ్చే కాలమంతా ఈ అంకె పెద్దగా కదలదు. నీళ్లు కలిస్తే మాత్రం సున్నా వైపు జరుగుతుంది. అయితే ఆ యంత్రం ఉండేది ప్రయోగశాలల్లో, పెద్ద డెయిరీల్లో. పావులీటరు కొనేవారికి పనికొచ్చే పరీక్ష ఒక ప్రశ్న: మేక ఈని ఎన్ని వారాలైంది? ఆరు వారాలంటే పల్చదనం సహజం. నాలుగు నెలలంటున్నా నీళ్లలా ఉంటే అప్పుడు అనుమానించవచ్చు. మేకపాలు ఆవుపాలలా పసుపు తిరగవు, మీగడ కూడా అంత త్వరగా కట్టవు. ఆ రెండు లక్షణాలూ మోసానికి గుర్తులు కావు. మేక మేతలోని కెరోటిన్‌ను విటమిన్-ఎగా మార్చేసుకుంటుంది కాబట్టి పాలు తెల్లగా ఉంటాయి. వెన్న బిందువులు చిన్నవి, ఒకదానికొకటి అతుక్కునే గుణం తక్కువ కాబట్టి పైకి తేలవు.

డెంగ్యూ, పసిబిడ్డలు, ఉద్దానం

వానలతో పాటు డెంగ్యూ వచ్చినప్పుడల్లా ప్లేట్‌లెట్లు పెరుగుతాయని మేకపాలకు గిరాకీ పుడుతుంది. దీనికి నమ్మదగిన వైద్య ఆధారం లేదు. డెంగ్యూలో జ్వరం తగ్గే రోజుల్లో ప్లేట్‌లెట్లు అడుగుకు వెళ్లి, చాలామందిలో కొద్ది రోజులకు వాటంతటవే లేస్తాయి. పాలు తాగడం మొదలుపెట్టేదీ సరిగ్గా అప్పుడే కాబట్టి ఘనత పాలకు దక్కుతుంది. ధర పెరగడానికి కారణం వేరు. దసరా తర్వాత ఈనే మేకలు వానాకాలంలో చూడితో, వట్టిగా ఉంటాయి. గిరాకీ ఉన్నప్పుడు సరుకు ఉండదు. అప్పుడు దొరికేవి చాలావరకు ఎండాకాలంలో ఈని వట్టిపోబోతున్న మేకల పాలు. అవి చిక్కగా కనిపించి మందు అనే నమ్మకాన్ని ఇంకాస్త గట్టి చేస్తాయి.

ఏడాది లోపు బిడ్డలకు తల్లిపాల బదులు మేకపాలు పట్టడం ఏ దశ పాలతోనైనా ప్రమాదమే. వాటిలో ఫోలేట్ 100 గ్రాములకు ఒక మైక్రోగ్రాము, ఆవుపాలలో ఐదు. విటమిన్ బి12 కూడా తక్కువ. వాటి మీదే పెరిగే బిడ్డకు రక్తహీనత వచ్చే ప్రమాదం ఉంది. ఆవుపాలు పడని ఎలర్జీ ఉన్న బిడ్డల్లో ఎక్కువమందికి మేకపాలూ పడవు, మాంసకృత్తులు అంత దగ్గరివి.

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇంకో లెక్క ఉంది. మేకపాలలో పొటాషియం 100 గ్రాములకు సుమారు 200 మిల్లీగ్రాములు, ఆవుపాల కన్నా ఎక్కువ. చివరి దశలో పొటాషియం కొంత తగ్గినా సోడియం పెరుగుతుంది. పొటాషియం, ఉప్పు కొలిచి తినమని వైద్యులు చెప్పినవాళ్లకు మేకపాలు తేలిక ఆహారం అనే మాట వర్తించదు. తాగాలంటే వైద్యుణ్ణి అడగాలి.

పచ్చిపాలే మంచివన్న మాట ఇటీవల బాగా వినిపిస్తోంది. 1905లో మాల్టా ద్వీపంలో థెమిస్టోక్లీస్ జమిట్ అనే వైద్యుడు ఆరోగ్యంగా కనిపిస్తున్న మేకల్లోనే బ్రూసెల్లా సూక్ష్మజీవి ఉందని కనిపెట్టాడు. అక్కడి సైనికులకు నెలల తరబడి వచ్చిన జ్వరానికి మూలం కాచని మేకపాలని అలా తేలింది. మేకను చూసి అది ఉందో లేదో చెప్పలేం. పాలు ఒక పొంగు వచ్చేదాకా కాస్తే అది చస్తుంది.